వంగిన మెడ గిటారు మీద ఒక వాదం

మా బాబాయి ఉద్యోగమంతా రేడియో స్టూడియోలో మైకులూ స్పూలు టేపుల మధ్య గడిచింది. ఇప్పటికీ ఎవరింట్లోనైనా ఫ్యాను బేరింగు అరిగితే ముందు ఆయనకే వినపడుతుంది. నేను ఇంట్లో పాత గిటారు మీద బ్లూస్ వాయించి రికార్డు చేసుకుంటాను. అది కలకత్తాలో చేసిన చవక ప్లైవుడ్డు గిటారు. పాత సామాన్ల సంతలో కొన్నాను. మెడ ముందుకు వంగింది, పన్నెండో మెట్టు దగ్గర తీగకీ చెక్కకీ మధ్య పెన్సిల్ దూరుతుంది. ఒక బిరడాకి గుబ్బ ఊడిపోతే కటింగ్ ప్లేయరుతో తిప్పుతాను. దానికి చిన్న పికప్పు బిగించి, వాల్వు రేడియోకి తగిలించి వాయించిన పాటలు కొన్ని ఆయనకి పంపాను. విని, ట్యూనరు జేబులో వేసుకుని మరీ మా ఇంటికొచ్చారు. ఆ సాయంత్రం మా మధ్య నడిచిన మాటలివి. కుదరని చోట కుదిరినట్టు రాయలేదు.

బాబాయి: గొంతు బాగుందమ్మా. మాటలు నీ సొంతం కావడం ఇంకా బాగుంది. కానీ ఈ టేపు స్టూడియోలో నా ముందుకొచ్చి ఉంటే ప్రసారానికి పంపేవాణ్ణి కాదు. మొదటి సంగతి, గిటారు శ్రుతిలో లేదు. ట్యూనరు పెట్టి చూశాను, అన్ని తీగలూ సుమారు ముప్ఫై అయిదు సెంట్లు పైన ఉన్నాయి. రెండోది, పాట పొడుగునా కింద జుయ్యిమని హమ్. మూడోది, బొటనవేలితో లాగినప్పుడల్లా చెక్క బరబరమంటోంది. ఉద్యోగం చేసుకుంటున్నదానివి, మంచి గిటారు కొనుక్కోలేవా?

నేను: కొనగలను బాబాయ్. కొన్నా ఈ పాటలు మాత్రం దీని మీదే వాయిస్తాను.

బాబాయి: అదే నాకు మింగుడుపడట్లేదు. నువ్వు ఇంతగా చెప్పుకునే బ్లూస్ వాళ్లలో ఎవరైనా అలా చేశారా? మడ్డీ వాటర్స్‌నే తీసుకో. మిసిసిపీలో పత్తి పొలాల మీద బతికిన కుర్రాడు. గుర్రాన్ని అమ్మగా చేతికొచ్చిన డబ్బులో రెండున్నర డాలర్లు పెట్టి పాత స్టెల్లా గిటారు కొన్నానని ఆయనే చెప్పుకున్నాడు. 1943లో షికాగో వెళ్లాడు. ఆ మరుసటేడే ఎలక్ట్రిక్ గిటారు పట్టాడు. మళ్లీ ఆ స్టెల్లా కోసం వెనక్కి వెళ్లాడా? ఎలిజబెత్ కాటన్ ఉంది. చిన్నపిల్లగా ఇళ్లలో పనిచేసి కూడబెట్టిన మూడు డాలర్ల డెబ్భై అయిదు సెంట్లతో స్టెల్లా కొనుక్కుంది. పేరొచ్చాక ఆవిడ చేతిలో ఉన్నది మంచి మార్టిన్ గిటారు. వాళ్లు చెడ్డ వాయిద్యాన్ని ఏరికోరి పట్టుకోలేదమ్మా. దొరికింది అదే. మంచిది దొరగ్గానే మంచిదే పట్టుకున్నారు.

నేను: ఆ మాట నిజం. కానీ కాటన్ మార్టిన్ మీద వాయించింది ఏ పద్ధతిలోనో చూడండి. ఆవిడది ఎడమచేతి వాటం. కొన్నది కుడిచేతి వాళ్ల గిటారు. తీగలు మార్చకుండా గిటారునే తలకిందులు చేసి పట్టుకుంది. దాంతో బొటనవేలికి సన్న తీగలొచ్చాయి, మిగతా వేళ్లకి లావు తీగలొచ్చాయి. అందరూ బొటనవేలితో మంద్రం వాయిస్తుంటే ఆవిడ బొటనవేలితో పాట పలికించింది. ఈ రోజుకీ ఆ పద్ధతిని ఆవిడ పేరుతోనే నేర్పుతున్నారు. చేతికి సరిపడని ఆ మొదటి గిటారు లేకపోతే ఆ వేళ్ల నడక లేదు. మార్టిన్ వచ్చేసరికి ఆ నడక ఆవిడ చేతిలో స్థిరపడిపోయింది.

బాబాయి: ఒక్కరి సంగతి చెప్పి ఊరందరికీ అంటగట్టకు.

నేను: ఊరి సంగతే చెబుతాను. స్టెల్లా గిటార్లు చేసింది న్యూజెర్సీలో, జెర్సీ సిటీలో ఉన్న ఆస్కార్ ష్మిట్ కంపెనీ. ఎక్కువ వాటికి బర్చ్ చెక్క, దాని మీద ఖరీదైన కలపలా కనబడేలా రంగుతో వేసిన గీతలు. పైపలక లోపల మార్టిన్ వాళ్లయితే పట్టీలు ఎక్స్ ఆకారంలో వేస్తారు. చవక గిటార్లలో నిచ్చెన మెట్లలాగా అడ్డంగా వేస్తారు, పని సులువు, ఖర్చు తక్కువ. దాని ఫలితం చెవికి తెలుస్తుంది. తీగ కొట్టగానే ధ్వని ఠంగుమని లేస్తుంది, లేచినంత త్వరగా చచ్చిపోతుంది. సాగదు. సాగనప్పుడు వాయించేవాడు ఏం చేయాలి? ఖాళీ పడకుండా బొటనవేలు ఆపకుండా కొడుతూ ఉండాలి. మిసిసిపీ డెల్టా గిటారులో మీరు వినే ఆ దరువులో సగం ఆ నిచ్చెన పట్టీల చలవే. ఇక మెడలో ఇనుప కడ్డీ ఉండదు కాబట్టి ఉక్కు తీగల లాగుడికి ఏళ్ల తరబడి వంగుతుంది, తీగలు పైకి లేస్తాయి. వేలితో నొక్కితే చర్మం తెగుతుంది. ఇదుగో, నాది చూడండి. అయిదో మెట్టు దాటితే నొక్కలేను. కానీ బాక్సు స్పానర్ ముక్కని చిటికెన వేలికి తొడుక్కుని తీగ మీద జారిస్తే, అంత ఎత్తులో ఉండటమే మేలు. కింద మెట్లకి తగలదు.

(ఇక్కడ వాయించి చూపించాను. మూడో తీగ మీద స్పానర్ ముక్కని మూడో మెట్టుకీ నాలుగో మెట్టుకీ నడుమ ఆపి, మణికట్టు కదిపాను. బాబాయి కళ్లు మూసుకుని విన్నారు. ట్యూనరు ముల్లు ఎటూ నిలవలేదు.)

బాబాయి: సాధారణ గాంధారమూ కాదు, అంతర గాంధారమూ కాదు.

నేను: రెండింటి మధ్య ఉన్న చోటు అది. హార్మోనియం మీద లేదు, గిటారు మెట్ల మీదా లేదు. బ్లూస్ అంతా ఆ చోటు కోసమే తీగని లాగడం, గాజు జార్చడం, కత్తి ఆనించడం. 1903 ప్రాంతంలో మిసిసిపీలో, టట్వైలర్ రైల్వే స్టేషన్లో ఒకతను గిటారు తీగల మీద చాకు జారుస్తూ పాడటం విన్నానని సంగీతకారుడు డబ్ల్యూ.సి. హ్యాండీ రాసుకున్నాడు. ఆ పాట ఆయన బతుకు దారినే మార్చింది. ఆ మనిషి పేరు మాత్రం మనకి రాలేదు. అసలు గిటారు కూడా లేని పిల్లలు ఏం చేసేవారో తెలుసా? చీపురుకి చుట్టిన ఇనప తీగ విప్పి, ఇంటి గోడకి రెండు మేకులు కొట్టి, వాటి మధ్య లాగి కట్టేవారు. కింద ఒక సీసా దూర్చి తీగని బిగించేవారు. ఒక చేత్తో మీటుతూ ఇంకో చేత్తో ఇంకో సీసా జార్చేవారు. చెక్క ఇల్లు మొత్తం మోగేది. డిడ్లీ బో అంటారు దాన్ని. పేరు మోసిన వాళ్లలో చాలామందికి అదే మొదటి వాయిద్యం. ఒకే తీగ, మెట్లు లేవు. అక్కడ నేర్చుకున్న చెవి తర్వాత ఆరు తీగలకి వచ్చింది.

బాబాయి: గోడకి తీగ కట్టుకున్న పిల్లల మీద నాకూ గౌరవమే. జమిడిక వాయించేవాళ్లు వస్తే మా దగ్గరున్న మంచి మైకు పెట్టేవాణ్ణి. జమిడిక వీణలా మోగాలని ఏనాడూ కోరలేదు. కానీ నీకొక మాట చెప్పాలి, నొచ్చుకోకు. సగం పాలుకి పత్తి సేద్యం చేసి, ఏడాది చివర భూస్వామి లెక్క తీస్తే ఎప్పుడూ బాకీయే తేలిన నల్లజాతి మనుషులు వాళ్లు. ఓటు లేదు, రోడ్డు మీద తలెత్తి నడిచే వీల్లేదు. వాళ్ల గిటారు వంగి ఉందంటే దాని వెనక అదంతా ఉంది. కష్టమెరుగని ఇంట్లో పుట్టిన నువ్వు ఆ వంకరని తెచ్చి గోడకి తగిలించుకుంటే, వాళ్ల లేమిని అలంకారం చేసుకున్నట్టే కదా?

ఆ ప్రశ్న దగ్గర చాలాసేపు ఆగాను. బ్లూస్ వాయించే ప్రతి బయటివాడూ ఎదుర్కోవాల్సిన ప్రశ్న అది. ఎదుర్కోకుండా వాయించేవాళ్ల పాటలో ఆ బోలుతనం వినపడుతుందని నా నమ్మకం.

నేను: వాళ్ల బాధ నాదని పాడితే మీరన్నట్టే అవుతుంది. నేను రైళ్ల గురించీ పత్తి గురించీ పాడట్లేదు. మా వీధి గురించి, అమ్మ ఆస్పత్రి రోజుల గురించి తెలుగులో పాడుతున్నాను. వాళ్ల దగ్గర తీసుకున్నది పనితనం. పనితనాన్ని నేర్చుకోవడం, ఎవరి దగ్గర నేర్చుకున్నామో పేరు చెప్పడం అలంకారం కాదు. వాళ్లని పేదవాళ్లుగా మాత్రమే చూస్తే వాళ్ల తెలివి మనకి కనబడదు బాబాయ్. హౌండ్ డాగ్ టేలర్ షికాగోలో జపాన్ చవక గిటార్లు పట్టుకుని, గరగరమనే ఆంప్లిఫయరుతో వాయించాడు. 1971లో ఎలిగేటర్ కంపెనీ మొట్టమొదటి రికార్డుగా అతన్నే వేసింది. ఆ గరగర అతను ఎంచుకున్నది. గది నిండా జనం డాన్సు చేయాలంటే ఏ ధ్వని కావాలో అతనికి తెలుసు.

బాబాయి: సరే, వాయిద్యం సంగతి వదిలేస్తాను. రికార్డింగు సంగతికి రా. అక్కడ నేను ఒక్క అడుగు కూడా వెనక్కి వేయను. ఈ మధ్య పిల్లలు కొత్త పాటకి పాత గ్రామఫోను గీర శబ్దం కంప్యూటర్లో కలుపుతున్నారు. అంతకన్నా అబద్ధం ఉందా?

నేను: లేదు. అందులో మనిద్దరిదీ ఒకే మాట.

బాబాయి: పాతకాలపు బ్లూస్ గాయకుడు చార్లీ ప్యాటన్ రికార్డుల్లో ఆ గీర ఎక్కడిది? వాటిని వేసిన పారమౌంట్ కంపెనీ అసలు విస్కాన్సిన్‌లో కుర్చీలు చేసే కంపెనీ వాళ్లది. గ్రామఫోను పెట్టెలు చేస్తూ, వాటికి తోడు రికార్డుల వ్యాపారంలోకి దిగారు. నాసిరకం ముద్రణ. రికార్డులు చేసే లక్క అప్పట్లో ప్రపంచానికి ఎక్కువగా మన దేశం నుంచే వెళ్లేది, అందులో వాళ్లు కలిపిన పొడి వల్ల కొత్త రికార్డే బుసకొట్టేది. లోహపు మాస్టర్లు చాలావరకూ పాత ఇనుము కింద పోయాయి. 1929లో ప్యాటన్ మైకు ముందు పాడినప్పుడు ఆ గదిలో బుస లేదు. అది ఆయన సంగీతం కాదు, ఆయనకి జరిగిన అన్యాయం. దాన్ని అందం అనుకోవడం ఆయనకి రెండోసారి అన్యాయం చేయడం.

నేను: ఒప్పుకుంటున్నాను.

బాబాయి: అదే 1959కి రా. జానపద పాటలు సేకరించే అలన్ లోమాక్స్ మిసిసిపీలో కోమో ఊరికి వెళ్లాడు. ఫ్రెడ్ మెక్‌డోవెల్ పగలంతా పత్తి తీసి, సాయంత్రం గిటారు పట్టుకుని వచ్చాడు. అప్పటికి ఎవరికీ తెలియని మనిషి. పక్కన తోబుట్టువు ఫానీ డేవిస్ దువ్వెనకి కాగితం చుట్టి ఊదుతోంది. దువ్వెనమ్మా! అంతకన్నా ఇంటి సంగీతం ఉంటుందా? కానీ లోమాక్స్ తెచ్చిన మిషన్? స్టీరియో టేపు మిషన్, అప్పటికి దొరికే మేలైనది. అంతకుముందు 1933లో లోమాక్స్, వాళ్ల నాన్న కలిసి కారు వెనక సుమారు 140 కిలోల డిస్కు మిషన్ మోసుకు తిరిగారు. ఎందుకా బరువు? దువ్వెన మోత దువ్వెన మోతలా రావాలని. వాయిద్యం ఎలాగైనా ఉండనీ, మైకు నిజం చెప్పాలి. నువ్వు ఫోనులో రికార్డు చేశావు. ఆటో లెవెల్ ఆపలేదు. నువ్వు ఊపిరి తీసుకున్నప్పుడల్లా ఫోను ఫ్యాను మోతని పైకెత్తుతోంది, మళ్లీ తీగ కొట్టగానే అణిచేస్తోంది. ఆ ఊగులాట నీదీ కాదు, గిటారుదీ కాదు. ఎవరిది మరి?

నేను: ఎవరిదీ కాదు. ఇకమీదట ఆటో లెవెల్ ఆపుతాను, ఫ్యానూ ఆపుతాను. కానీ మిషన్‌కీ వాయిద్యానికీ మధ్య మీరు గీసిన గీత ప్రతిచోటా నిలవదు. 1951 మార్చిలో ఐక్ టర్నర్ బృందం ‘రాకెట్ 88’ రికార్డు చేయడానికి మెంఫిస్ వస్తుంటే దారిలో ఆంప్లిఫయరు దెబ్బతింది. స్పీకరు కోను చిరిగింది. అక్కడ స్టూడియో నడిపే శామ్ ఫిలిప్స్ అందులో కాగితం కుక్కి అలాగే రికార్డు చేశాడు. ఆ బరబరే ఆ పాటకి ప్రాణమైంది. అది మిషన్ తప్పేగా?

బాబాయి: ఆంప్లిఫయరు గిటారు వాడిది. వాయిద్యంలో భాగమే. మైకూ టేపూ మంచివే పెట్టి ఉంటాడు ఫిలిప్స్.

నేను: మరి 1948లో డెట్రాయిట్‌లో జాన్ లీ హుకర్ కాళ్ల కింద చెక్క పలక వేసి దానికీ మైకు పెట్టారు. ఒక్కడే మనిషి, ఒక గిటారు, బూటు చప్పుడు. స్టూడియో లెక్కలో బూటు చప్పుడు రొద. పైగా హుకర్ బ్లూస్‌లో మామూలుగా ఉండే పన్నెండు బార్ల లెక్క పాటించేవాడు కాదు. మాట ఎక్కడ పూర్తయితే అక్కడ తర్వాతి వరసకి మారేవాడు. మర్నాడు మళ్లీ పాడితే ఇంకో చోట. అదీ తప్పేనా?

బాబాయి: ఆ పలక ఎవరో ఆలోచించి వేశారు. అదే చెబుతున్నాను. ఆలోచించి ఉంచిన మోత వేరు, పట్టించుకోక వదిలేసిన మోత వేరు. నీ హమ్ సంగతి చెప్పు. అది ఆలోచించి ఉంచావా?

నేను: ట్యూనరు పక్కన పెట్టండి. రేడియో ఆన్ చేస్తాను, గిటారు ముట్టుకోను. హమ్ వినండి. ఇప్పుడు అయిదో తీగ మీటుతాను.

(మీటాను. రెండు ధ్వనులూ ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి, ఊగులాట లేదు. బాబాయి ముందుకు వంగారు.)

బాబాయి: నూరు హెర్ట్జ్.

నేను: మన కరెంటు 50 హెర్ట్జ్. రేడియోలో రెక్టిఫయరు దాటి వచ్చేది దానికి రెట్టింపు, 100. నేను వాడేది ఓపెన్ జి శ్రుతి. అందులో అయిదో తీగ 98 హెర్ట్జ్ దగ్గర ఉండాలి. పుస్తకం ప్రకారం శ్రుతి చేస్తే హమ్‌తో కలవక సెకనుకు రెండుసార్లు ఊగేది. వినలేకపోయాను. అందుకని ఆ తీగని హమ్‌కి కలిపి, మిగతా తీగల్ని దానికి కలిపాను. మీ ట్యూనరు ముప్ఫై అయిదు సెంట్లు ఎక్కువ చూపించింది అందుకే. మీరు రెండు తప్పులు అనుకున్నవి నిజానికి ఒకదానికొకటి జవాబు. హమ్ నాకు తంబూరా.

బాబాయి చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత తనే మీటి చూశారు. అమెరికాలో కరెంటు 60 హెర్ట్జ్ కాబట్టి అక్కడి హమ్ 120 అవుతుందనీ, అది బి ఫ్లాట్‌కీ బి కీ సరిగ్గా నడుమ పడుతుందనీ, ఓపెన్ జి వాయించేవాళ్లకి మనంత సులువుగా కలవదనీ ఆయనే లెక్క చెప్పారు. మన గ్రిడ్డు కూడా లోడును బట్టి కొద్దిగా అటూ ఇటూ జరుగుతుందనీ, ప్రతి పాటకి ముందు చెవితో సరిచూసుకోమనీ అన్నారు. ఆ మాట నేను రాసిపెట్టుకున్నాను.

బాబాయి: ఇది ఉంచు. ఇది నువ్వు విని వాయించావు. కానీ రేడియో వెనక అట్ట విప్పు, లోపల చూడాలి. కొన్ని పాత సెట్లలో మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు. ఏసీ, డీసీ రెండింటికీ పనిచేసేలా చేసినవి. వాటిలో చాసిస్ నేరుగా కరెంటు తీగకి కలిసి ఉంటుంది. ప్లగ్గు తిరగేసి పెడితే నీ గిటారు జాక్ మీద 230 వోల్టులు ఉంటాయి. పాట మధ్యలో ప్రాణం పోతుంది.

నేను: ట్రాన్స్‌ఫార్మర్ ఉంది బాబాయ్. పాత కెపాసిటర్లు కూడా మెకానిక్ మార్చాడు.

(అయినా ఆయన విప్పి చూశారు. టార్చి వేసి, ట్రాన్స్‌ఫార్మర్ కనబడ్డాకే కుర్చీలో వెనక్కి ఆనుకున్నారు.)

బాబాయి: మెడ మాత్రం బాగు చేయించాలి. ఇలాగే వదిలేస్తే ఏదో ఒక రోజు బ్రిడ్జి ఊడి మొహాన కొడుతుంది. ఆ రోజు నీ బ్లూసూ ఉండదు, గిటారూ ఉండదు.

నేను: బ్రిడ్జి అతికిస్తాను. మెడ ముట్టుకోనివ్వను. అది తిన్నగా అయితే ఈ పాటలు దీని మీద పలకవు.

బాబాయి: కొత్త పాటలు పలుకుతాయి.

నేను: వాటికి వేరే గిటారు కొంటాను.

ఇక్కడ మేము కలవలేదు, ఇప్పటికీ కలవలేదు. ఆయన మాటలో న్యాయముంది, నాకు నా గిటారు ముఖ్యం. రికార్డింగు విషయంలో మాత్రం ఆయన పట్టిన పట్టే సరైనదని నేను బహిరంగంగా చెబుతున్నాను. మర్నాడు గోడలకి బొంతలు కట్టి, ఫ్యాను ఆపి, పన్నెండో మెట్టుకి ఎదురుగా అడుగు దూరంలో ఒకే మైకు పెట్టి అవే పాటలు మళ్లీ తీశాం. చెక్క బరబర పోలేదు, మునుపటికంటే స్పష్టంగా వచ్చింది. స్పానర్ ముక్క తీగ మీద జారేటప్పటి చిన్న గీర, నా కాలి కింద పీట చప్పుడు, హమ్, అన్నీ ఉన్నాయి. ఫోను చేసిన ఊగులాట లేదు.

చదివేవాళ్లకి ఒక మనవి. మీ ఇంట్లో అటక మీదో బీరువా వెనకో పాత గిటారు, మాండొలిన్, హార్మోనియం ఏదైనా ఉంటే, రిపేరుకి ఇచ్చేముందు ఒక్కసారి ఉన్నదున్నట్టు వాయించి రికార్డు చేయండి. తీగలు పాతవైతే కొత్తవి వేయండి, కానీ మామూలు శ్రుతి కన్నా తగ్గించి బిగించండి, వంగిన మెడ తట్టుకోవాలి. ఫోను వాడితే ఆటో లెవెల్ ఆపే వీలున్న యాప్ చూసుకోండి, ఎంపీ3 కాకుండా వేవ్ ఫైలుగా దాచండి. పాట మొదలుపెట్టేముందు మీ పేరు, ఊరు, తేదీ, ఏ శ్రుతిలో వాయిస్తున్నారో గొంతుతో చెప్పండి. వాల్వు రేడియోకి తగిలించాలనుకుంటే ముందు తెలిసిన మెకానిక్‌తో ట్రాన్స్‌ఫార్మర్ ఉందో లేదో చూపించుకోండి. లేకపోతే తగిలించకండి.